డబ్బాతో సహా పదిహేను

మా బజార్లో కిలో నూనె అంటే లీటరు నూనె. విజయవాడ వన్‌టౌన్‌లో మా నాన్న కొట్టు ముందు ఎవరైనా నిలబడి కిలో నువ్వులనూనె అడిగితే, నాన్న పొడుగు కాడ ఉన్న లీటరు కొలతను పీపాలో ముంచి, అంచుదాకా నింపి, గరాటులోంచి వాళ్ళ సీసాలోకి వంచుతాడు. అరకిలో అంటే అర లీటరు కొలత. పావుకిలో అంటే అన్నిటికంటే చిన్నది, కాడ కాస్త వంకరపోయినది. కొట్లో తూకం మిషన్ లేకపోలేదు. దాని మీద తెలగపిండి తూస్తారు, వేరుశనగపప్పు తూస్తారు, చిన్నప్పుడు సరదాకి నన్నూ తూశారు. నూనె మాత్రం ఎప్పుడూ దాని మీదికి ఎక్కలేదు.

కొలిచి పోశాక కొసరు ఉంటుంది. కొలతను మళ్ళీ పీపాలో ముంచి, అడుగున కొంచెం తీసి, "ఇది మీ దీపానికి" అంటూ పోస్తాడు నాన్న. దీపం పెట్టని ఇళ్ళవాళ్ళకైతే "ఇది మీ పోపుకి" అంటాడు. ఆ కొసరు కోసమే చిట్టినగర్ నుంచి కూడా మా కొట్టుకి వచ్చేవాళ్ళున్నారు. బజార్లో నాన్నకి ఉన్న మంచిపేరులో సగం ఆ చేతిదే.

నేను చదివింది మెకానికల్ ఇంజినీరింగ్. బెంజ్ సర్కిల్ దగ్గర ఒక చిన్న కంపెనీలో పని. ఫ్యాక్టరీల్లో వాడే మీటర్లూ గేజీలూ కాటాలూ సరిగ్గా చూపిస్తున్నాయో లేదో పరీక్షించి, తేడా ఎంతో కాగితం మీద రాసి, కింద సంతకం పెట్టడం మా పని. అందుకని లీటరు నువ్వులనూనె తూస్తే తొమ్మిది వందల ఇరవై గ్రాములే వస్తుందని నాకు తెలుసు. ఆ మాట ఇంట్లో చాలాసార్లు వచ్చింది కూడా. నాన్న దగ్గర దానికి మూడు సమాధానాలు ఉండేవి. ఒకటి, రేటు కట్టేటప్పుడే లీటరు లెక్కన కడతారు, కాబట్టి ఎవడికీ నష్టం లేదు. రెండు, బజారంతా ఇంతే. మూడు, కొసరు పోస్తున్నాం కదా. మూడోది లెక్కకు నిలవదు, కొసరు చెంచాడు, తేడా చిన్న గ్లాసుడు. మొదటి రెండిటికీ నా దగ్గర జవాబు ఉండేది కాదు. రేటు నిజంగానే లీటరుది. బజారు నిజంగానే అంతా అంతే. నష్టపోయిన మనిషిని ఒక్కరిని చూపించరా అనేవాడు నాన్న. నేను చూపించలేకపోయేవాణ్ణి. పెసరట్టు తింటూ వాదించుకునే విషయంగానే అది మా ఇంట్లో ఉండిపోయింది.

పెద్దమొత్తంలో కొనేవాళ్ళకి డబ్బాల లెక్క. బయట ఫ్యాక్టరీ నుంచి వచ్చే డబ్బాల మీద బరువూ లీటర్లూ అచ్చువేసి ఉంటాయి. మా గానుగ నూనె మేమే పోసి సీలు వేస్తాం కాబట్టి మా డబ్బా మీద కొట్టు పేరు తప్ప ఏమీ ఉండదు. దాన్ని పదిహేను కిలోల డబ్బా అంటాం. పదిహేను లీటర్లు పోస్తాం.

పామర్రులో ఒకావిడ పచ్చళ్ళు పెట్టి అమ్ముతుంది. ఇంటి వెనక రేకుల షెడ్డు, అందులో పెద్ద పెద్ద జాడీలు, పనికి కొంతమంది ఆడవాళ్ళు. ఆవకాయ, మాగాయ, గోంగూర హైదరాబాద్ దాకా వెళ్తాయి. నూనె మొదటినుంచీ మా దగ్గరే. నాన్నని అన్నయ్యగారూ అని పిలుస్తుంది, నాన్న అమ్మా అంటాడు. ఏటా ఆవకాయ రోజుల్లో ఒక చిన్న జాడీ మా ఇంటికి పంపేది.

ఈ ఏడాది ఆ సీజను అయిపోయాక ఒక మధ్యాహ్నం ఆవిడ దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. నేను నాన్నకి క్యారేజీ ఇవ్వడానికి కొట్టుకి వెళ్ళి అక్కడే ఉన్నాను. చేతులు జిడ్డుగా ఉన్నాయని నాన్న ఫోను స్పీకర్‌లో పెట్టించాడు. మీ డబ్బాలో ఎంత ఉంటుంది అన్నయ్యగారూ అని అడిగింది ఆవిడ. పదిహేను కిలోలమ్మా, ఇవాళ కొత్తా, అన్నాడు నాన్న. అవతల పుస్తకం పేజీలు తిరగేసిన చప్పుడైంది. తర్వాత, "అయితే ఇంట్లోనే పోతోందన్నమాట" అంది. ఏం పోతోందని నాన్న అడగలేదు. నేనూ అడగలేదు. ఎవరో తెలగపిండి కోసం వచ్చారు.

ఏం పోతోందో రెండు మూడు వారాలకి తెలిసింది. ఈసారి ఫోన్ చేసింది ఆవిడ వెళ్ళే చర్చి పాస్టర్ గారు. తనని తాను పరిచయం చేసుకుని, వ్యవహారం మొత్తం నెమ్మదిగా, ఎవరినీ తప్పుపట్టకుండా చెప్పారట. నాన్న రాత్రి భోజనాల దగ్గర మాకు చెప్పాడు.

పచ్చళ్ళావిడ ఈ ఏడే డిజిటల్ కాటా కొంది. కొన్నాక ప్రతీదీ తూచడం మొదలుపెట్టింది. గిన్నె కాటా మీద పెట్టి, సున్నా నొక్కి, అందులో పోసిన నూనె ఎంతో రాసుకునేది. డబ్బా అయ్యేసరికి కలిపి చూస్తే ప్రతిసారీ కిలోకి పైన తగ్గుతోంది. స్టోరు గది తాళం చెవి ఒక్కరి దగ్గరే ఉండేది. ఆమె అక్కడ పనికి చేరి చాలా ఏళ్ళయింది. మామిడికాయ ముక్కలు కొట్టించే దగ్గర్నుంచి జాడీలకి గుడ్డ కట్టేదాకా అన్నీ ఆమే చూసేది. తాళం చెవి కొంగున ముడివేసుకుని తిరిగేది. నూనె కొట్టువాళ్ళ కొలత తప్పదు కాబట్టి తప్పు ఆమెదే అయింది. రేపటినుంచి రావద్దని చెప్పేశారు. ఊరంతా తెలిసింది.

ఇద్దరూ ఒకే సంఘానికి చెందినవాళ్ళు. ఆ పని చేసే ఆమె ఆదివారం ఆరాధనకి వస్తోంది గాని, ప్రభువు బల్ల దగ్గరికి రావడం మానేసింది. రొట్టె, ద్రాక్షరసం ఇచ్చేవేళకి లేచి బయటికి వెళ్ళి నిలబడుతోంది. దొంగ అనిపించుకుని ఆ బల్ల దగ్గరికి ఎలా వస్తానండీ, మీరు తేల్చాక వస్తాను అందట. పోలీసుల దాకా పోవడం ఎవరికీ ఇష్టం లేదు. సంఘ పెద్దలు కూర్చుని మాట్లాడదామనుకున్నారు. ఆమె దొంగో కాదో మేం చెప్పలేం, డబ్బా సంగతి వ్యాపారస్తులే చెప్పాలి, మీరొక్కసారి వచ్చి మీ బజారు ఆనవాయితీ ఏంటో చెప్పి వెళ్ళండి అని పాస్టర్ గారు అడిగారు.

నష్టపోయిన మనిషిని ఒక్కరిని చూపించరా అన్న మాట నాకు గుర్తొచ్చింది. నాన్నకీ గుర్తొచ్చిందేమో, నా వైపు చూడకుండా మజ్జిగ కలుపుకున్నాడు. ఆమె మా దగ్గర ఏనాడూ ఏదీ కొనలేదు. మా రేటుతోగాని మా కొసరుతోగాని ఆమెకి సంబంధం లేదు.

ఆదివారం పొద్దున కారులో ముగ్గురం బయల్దేరాం. మూడో మనిషి మా పక్క కొట్టు ఆయన. ఆయనదీ నూనె వ్యాపారమే, నాన్నకంటే పెద్దవాడు, నేను బాబాయ్ అంటాను. సాక్ష్యానికి ఒకరికంటే ఇద్దరు నయమని నాన్న వెంటపెట్టుకొచ్చాడు. ముందురోజు సాయంత్రం బజార్లో ఇంకొంతమందితో కూడా మాట్లాడినట్టున్నారు. వాళ్ళందరి సలహా ఒకటేనట. ఆనవాయితీ చెప్పి వచ్చెయ్, లెక్కల్లోకి దిగకు.

బందరు రోడ్డు మీద పెద్దగా బళ్ళు లేవు. కంకిపాడు దాటేలోపు నేను లెక్క చెప్పాను. డబ్బాలో నూనె పదమూడు కిలోల ఎనిమిది వందల గ్రాములు. అనుకున్నది పదిహేను. తేడా కిలో రెండు వందల గ్రాములు. ఆవిడకి ప్రతి డబ్బాలోనూ తగ్గిందీ కిలోకి పైనే. దొంగతనం చేసేవాళ్ళు ప్రతి డబ్బాలోనూ ఒకే కొలత తియ్యరు కదా బాబాయ్ అన్నాను.

"క్రమశిక్షణ ఉన్న దొంగేమోరా" అన్నాడాయన.

తన మాటకి తనే నవ్వుకున్నాడు. నేను నవ్వలేదని గమనించి, ఇంజినీరు చదువుకి నవ్వు పేపరు ఉండదేమో అని నాన్నతో అన్నాడు. నాన్న కిటికీలోంచి వరినారు వేసుకెళ్తున్న ట్రాక్టరుని చూస్తున్నాడు. ఉయ్యూరు దాటాక నా వైపు తిరిగాడు.

"అక్కడ నువ్వు నోరు విప్పకు. వాళ్ళు పిలిచింది నన్ను."

చర్చి పక్కన పొడుగాటి గది. చెప్పులు వరండాలో వదిలి లోపలికి వెళ్ళాం. ఆరాధన అప్పుడే అయిపోయింది. సంఘ పెద్దలు ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. పచ్చళ్ళావిడ ఒక పక్క, ముఖం వాడిపోయి ఉంది. చాలా దూరంగా, గుమ్మానికి దగ్గర్లో, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని ఒకామె కూర్చుని ఉంది. ఎవరూ చెప్పకుండానే ఎవరో తెలిసింది. మా అమ్మ వయసు ఉంటుంది. మేం లోపలికి రాగానే లేచి నిలబడింది. నాన్న కూర్చున్నాకే కూర్చుంది.

మధ్యలో బల్ల మీద ఆ డిజిటల్ కాటా. దాని పక్కన మా కొట్టు పేరున్న డబ్బా, సీలు తియ్యనిది. సీజనులో మిగిలిన ఆఖరి డబ్బా అట. వ్యాపారస్తుల ఎదురుగానే తూద్దామని పచ్చళ్ళావిడ తెప్పించింది.

పాస్టర్ గారు చిన్న ప్రార్థన చేసి, ముందు పెద్దాయన్ని అడిగారు. పక్క కొట్టు బాబాయ్ లేచి, కండువా సర్దుకుని, తాను బజార్లో పుట్టి బజార్లో పెరిగినవాణ్ణనీ, తనకి తెలిసినప్పటి నుంచీ నూనె డబ్బా అంటే పదిహేనేననీ, అటో చుక్క ఇటో చుక్క తప్ప తేడా ఉండదనీ చెప్పాడు. కిలోలా లీటర్లా అని అడిగారు పాస్టర్ గారు. బాబాయ్ చాలా సహజంగా ఆశ్చర్యపోయాడు.

"లీటరు నీళ్ళు కిలోనే కదండీ పాస్టరు గారూ. నూనె ఏం పాపం చేసింది?"

పెద్దల్లో ఒకరిద్దరు నవ్వారు. అది తప్పని అక్కడ చదువుకున్నవాళ్ళకి తెలియక కాదు. అంత వయసు మనిషి అంత ధీమాగా అంటే నవ్వు ముందొస్తుంది.

తర్వాత నాన్న. నాన్న క్లుప్తంగా మాట్లాడాడు. మా బజార్లో కిలో అన్నా లీటరు అన్నా ఒకటేనని, డబ్బాకి పదిహేను అంటామని, అందరికీ అలాగే ఇస్తామని చెప్పాడు. పోసేది దేనితో అని అడిగారు పాస్టర్ గారు. కొలతతో అన్నాడు నాన్న. మరి తూస్తే అన్నారు. నాన్న జవాబు చెప్పేలోపే పచ్చళ్ళావిడ, "తూద్దాం, ఇక్కడే ఉంది కదండీ" అంది.

ఇద్దరు మగవాళ్ళు డబ్బా ఎత్తి కాటా మీద పెట్టారు. ఎర్రటి అంకెలు అటూ ఇటూ ఊగి ఆగాయి. పద్నాలుగు కిలోల ఎనిమిది వందలు.

గదిలో వాళ్ళంతా ఒకేసారి ఊపిరి వదిలినట్టయింది. రెండు వందల గ్రాములు తక్కువ. అంతే. "చూశారా, చుక్క తేడా" అన్నాడు బాబాయ్. నిండు డబ్బాలో ఇంచుమించు పదిహేను ఉన్నట్టే కదా అని పెద్దల్లో ఒకాయన పక్కాయనతో అన్నాడు. పచ్చళ్ళావిడ కళ్ళు మూసుకుంది. గెలిచినట్టు లేదు ఆవిడ ముఖం. ఆఖరి దారి కూడా మూసుకుపోయినట్టు ఉంది.

రేకు డబ్బా బరువు కిలో.

ఇది చెప్పుకోవడానికే నాకు కష్టంగా ఉంది. ఖాళీ డబ్బా కిలో ఉంటుందని నాకు తెలుసు, నాన్నకి తెలుసు, పక్క కొట్టు బాబాయ్‌కి తెలుసు. డబ్బాతో సహా తూస్తే పదిహేనుకి దగ్గరగా వస్తుందని, అందుకే ఎవరూ అడగరని బజారు మొత్తానికి తెలుసు. గిన్నె పెట్టినప్పుడల్లా సున్నా నొక్కే మనిషి కూడా డబ్బా పెట్టేసరికి ఆ సంగతి మర్చిపోయింది. మా పేరు దాని మీద ఉంది మరి. బాబాయ్ బల్ల కిందుగా నా మోకాలి మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కాడు.

గుమ్మం దగ్గర ఆమె లేచింది. చేతిసంచి భుజానికి తగిలించుకుని, చెంగు తల మీదికి లాక్కుని, బయటికి వెళ్ళడానికి చెప్పుల కోసం చూసుకుంటోంది.

నేను లేచాను. లేస్తుంటే నాన్న నా మణికట్టు పట్టుకుని కిందికి లాగాడు. ఆ లాగుడులో కోపం ఉంది. కుర్చీలో పడ్డాను. ఆ క్షణంలో నాన్నని గురించి నేను అనుకున్న మాట ఇక్కడ రాయను.

నాన్న లేచి నిలబడ్డాడు.

"రేకు డబ్బా బరువు కిలో ఉంటుందండి. అది తీసెయ్యాలి. లోపల నూనె పద్నాలుగు కూడా ఉండదు. మేం పోసేది లీటర్లు. ఆ అమ్మాయి ఏమీ తియ్యలేదు."

మా అమ్మ వయసు మనిషిని అమ్మాయి అన్నాడు. నాన్న కంగారుపడితే అలాగే అంటాడు.

పాస్టర్ గారు కాగితం తీసుకుని, నాన్న చెప్పినట్టు కిలో తీసేసి, పచ్చళ్ళావిడ పుస్తకంలో రాసుకున్న అంకెలతో పోల్చి చూశారు. సరిపోయాయి. ఒక్కో డబ్బాకీ సరిపోయాయి. కాగితం పెద్దలందరి చేతులూ మారింది. అంతసేపూ నాన్న నిలబడే ఉన్నాడు.

"ఫోనులో కిలోలన్నారు కదా అన్నయ్యగారూ" అంది పచ్చళ్ళావిడ.

"అందరం అలాగే అంటామమ్మా."

"ఆ మాట పట్టుకుని నేను ఈవిణ్ణి దొంగని చేశాను కదండీ."

పచ్చళ్ళావిడ లేచి గుమ్మం దగ్గరికి వెళ్ళి, ఆమె రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. ఏం చెప్పుకుందో మాకు వినపడలేదు. ఆమె మాత్రం ఏడవలేదు. వదిలించుకోనూ లేదు. ఊరుకోండమ్మగారూ, ఊరుకోండి అంటూ వీపు నిమిరింది. వచ్చే ఆదివారం ఆమె బల్లకి రావాలని, ఆమె మీద ఏ నిందా లేదని ఆ రోజే సంఘం ముందు చెప్తామని పాస్టర్ గారు అన్నారు.

మేం చెప్పులు వేసుకుంటుంటే ఆమె వరండాలోకి వచ్చింది. నాన్న ఎదురుగా నిలబడి చేతులు జోడించింది.

"ఎంత దూరం నుంచి వచ్చారు బాబుగారూ. మీరొచ్చి నిజం చెప్పబట్టి సరిపోయింది. లేకపోతే నా గతేంటి?"

ఆమె మాటల్లో ఎత్తిపొడుపు ఏదన్నా ఉందేమోనని వెతికాను. ఉంటే బాగుండు. లేదు. నిజంగానే కృతజ్ఞతగా చూస్తోంది, నాన్న వైపూ నా వైపూ. నాన్న చేతులు జోడించి అలాగే ఉండిపోయాడు. నేను వంగి, కట్టుకున్న బూటు లేసునే విప్పి మళ్ళీ కట్టుకున్నాను. భోజనం చేసి వెళ్ళమన్నారు. ఆకలి లేదని చెప్పి వచ్చేశాం.

దారిలో కంకిపాడు రాగానే బాబాయ్, ఇక్కడ మా వియ్యాలవారి ఇల్లుంది, దింపెయ్యి అన్నాడు. దిగాక కారు తలుపు పట్టుకుని లోపలికి వంగి, "రేపట్నుంచి బజార్లో అందరం కాటాలు కొనుక్కోవాలన్నమాట" అని తలుపు వేశాడు. ఆ ఊళ్ళో ఆయనకి వియ్యాలవారెవరూ లేరు. బస్టాపు వైపు నడిచి వెళ్ళడం అద్దంలో చూశాను.

బెంజ్ సర్కిల్ దగ్గర సిగ్నల్ పడింది. నేను అడిగేశాను. నేను లేవకపోతే లేచేవాడివా నాన్నా అని.

పచ్చ లైటు వెలిగి బళ్ళు కదిలాక నాన్న చెప్పాడు.

"నువ్వు చెప్తే నేను దొంగనవుతాను. నేను చెప్తే వ్యాపారస్తుణ్ణవుతాను. నువ్వు నోరు తెరిచేలోపు, అంత టైమే ఉంది నాకు."

ఆ జవాబు నేను అడిగినదానికి కాదని ఇద్దరికీ తెలుసు. మళ్ళీ అడగలేదు. ఆ రోజు గదిలో నేను చూసింది ఒక నిజాయితీపరుణ్ణో, కొడుకు కంటే అరనిమిషం ముందు లేచిన మనిషినో, ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. నాన్నని అడిగి తేల్చుకునే ధైర్యమూ లేదు.

మర్నాటి నుంచి నూనె కాటా మీదికి ఎక్కింది. కిలో అడిగితే నాన్న సీసా పెట్టి, సున్నా నొక్కి, కిలో వచ్చేదాకా పోస్తున్నాడు. రేటు కూడా దాని ప్రకారం మార్చాడు. దాంతో రెండు రకాల చిక్కులు వచ్చాయి. బజార్లో వాళ్ళు వస్తూ పోతూ, ఏవయ్యా, మీ కొట్లో కిలో లావెక్కిందట, మందేదైనా వాడుతున్నావా అంటారు. కొనేవాళ్ళకేమో రేటు పెరిగినట్టు కనిపిస్తోంది. పైగా అంకె కిలో దగ్గర ఆగాక నాన్న చెయ్యి ఆగిపోతోంది. ఒక ముసలావిడ సీసా తీసుకోకుండా అలాగే నిలబడి, కొసరేదయ్యా, ఇంత పిసినారివి ఎప్పటినుంచి అయ్యావు అంది. నాన్న చిన్న కొలత తీసుకుని ముంచాడు. ఆవిడ దీపానికని పోసేటప్పుడు మాత్రం నా వైపు చూశాడు, అది కూడా తప్పంటావా అన్నట్టు.

పామర్రుకి నూనె పంపడం ఆగిపోతుందనుకున్నాం. ఆగలేదు. దసరాల ముందు ఆవిడే ఫోన్ చేసి, డబ్బాలు కావాలి, మీ అబ్బాయి వచ్చి తూచి ఇస్తే బాగుంటుంది అన్నయ్యగారూ అంది. ఆ కోరిక న్యాయమైనదే. సెలవు పెట్టి, ఆఫీసు నుంచి పరీక్షకి వాడే బరువులు కూడా అడిగి తీసుకుని, ట్రాలీ ఆటో వెనకాల వెళ్ళాను.

ఆమె పనిలోకి వచ్చేసింది. షెడ్డులో కూర్చుని గోంగూర ఆకు గిల్లుతోంది. నన్ను చూసి లేచి, మజ్జిగ తెచ్చి ఇచ్చింది. బల్లకి కూడా వెళ్తోందట, పచ్చళ్ళావిడే చెప్పింది. అంతా మామూలైపోయినట్టే ఉంది. నేను ముందు బరువులు పెట్టి కాటా సరిగ్గా ఉందని చూపించాను. తర్వాత ఖాళీ డబ్బా. తర్వాత ఒక్కో నిండు డబ్బా. ప్రతిదాని మీదా లోపల నూనె ఎంతో మార్కరుతో రాశాను. మీరూ వచ్చి చూడండమ్మా అని ఆమెని పిలిచాను. నిజానికి ఆ పనంతా చేసింది ఆమె చూడాలనే.

"నాకెందుకు బాబూ. అమ్మగారు చూస్తే చాలు" అంది, గోంగూర మీంచి తల ఎత్తకుండా.

డబ్బాలు లోపల పెట్టాలి. స్టోరు గది తలుపు పక్కన మేకుకి తాళం చెవి వేలాడుతోంది. ఎన్నిసార్లు ఇచ్చినా తీసుకోవడం లేదు బాబూ, నువ్వన్నా చెప్పు అంది పచ్చళ్ళావిడ నెమ్మదిగా. నూనె కావాల్సి వచ్చిన ప్రతిసారీ వచ్చి పిలుస్తుందట. ఆవిడ స్నానంలో ఉంటే, అయ్యేదాకా గుమ్మం బయటే కూర్చుంటుందట. వంట మాడినా సరే. తాళం తియ్యి అంటే, మీరే తియ్యండమ్మగారూ అంటుందట.

నేనేం చెప్పగలను? మా డబ్బా మీద ఇప్పుడు గ్రాములతో సహా రాసి ఉంది.

పచ్చళ్ళావిడ తాళం తీసింది. ఆటో అబ్బాయీ నేనూ డబ్బాలు మోసుకుంటూ లోపలికీ బయటికీ తిరిగాం. దారికి అడ్డంగా ఉన్న గోంగూర బుట్ట జరపడానికి ఆమె వచ్చింది. బుట్ట జరిపి, గుమ్మం ఇవతలే ఆగిపోయి, మేం తాళం వేసేదాకా రెండు చేతులూ అందరికీ కనపడేలా ముందుకు పెట్టుకుని నిలబడింది.